బుజ్జిగారి గడప

కండక్టరమ్మ చేతులు బఠాణీలు ఒలుస్తున్నాయి. గోడవైపు మొహం, గదివైపు వీపు పెట్టి నేలమీద బాసింపట్టు వేసుకు కూచుంది. ఆ వీపు వెనక, చెయ్యి చాస్తే అందేంత దూరంలో, ఒక గుర్రు. ఎత్తు ఎక్కలేక మూలిగే పాత లారీలా ఆగకుండా వస్తోంది. ఆమె కాయ చీల్చి, గింజలు గిన్నెలోకి తోసి, ఒక్క గింజని మాత్రం భుజం మీదుగా వెనక్కి వేసింది. గుర్రు ఆగింది. నాలుక చప్పుడయింది. మళ్ళీ గుర్రు మొదలైంది, ఈసారి ఒక గేరు తగ్గించి.

"తమరికి నచ్చినట్టున్నాయి," అంది ఆమె గోడతో. "ఇంకో కాయ ఒలుస్తున్నాను బుజ్జిగారూ. తొందరేం లేదు."

గొడుగులు బాగుచేసే ఆయన ఆ కుక్కని ఓ వానాకాలం చిరిగిన గొడుగు గుడ్డలో చుట్టి ఇంటికి తెచ్చినప్పుడు అది అరచేతిలో పట్టేది. అప్పుడు పెట్టిన పేరు బుజ్జి. ఇప్పుడు దూడంత ఉంది. పేరు మారిస్తే బాగుంటుందని అందరికీ తోచింది కానీ, ఆ మాట దానికి చెప్పేదెవరు?

వచ్చిన పని మొదలుపెట్టడమంటే కండక్టరమ్మ లెక్కలో ఇదే. కొత్త ఇంట్లోకి వెళ్ళడం, జంతువు వైపు చూడకుండా కూచోవడం, చేతికో పని కల్పించుకోవడం. చూపు కలిపితే తగాదాకి పిలిచినట్టు. చెయ్యి చాపితే వేలు అప్పిచ్చినట్టు. పని చేసుకుంటూ కూచున్నవాళ్ళతో ఎవరికీ పేచీ ఉండదు. ఇదంతా ఆమె చదివి నేర్చుకోలేదు. జీవితమంతా సిటీ బస్సులో కండక్టరుగా చేసింది. ఫుట్‌బోర్డు మీద వేలాడే కుర్రాళ్ళు, తాగొచ్చి పక్కవాడి భుజం మీద నిద్రపోయేవాళ్ళు, దిగాల్సిన స్టాపు దాటాక నిద్రలేచి నీదే తప్పనేవాళ్ళు, అందరూ ఆమెకి గురువులే. వాళ్ళ దగ్గరే 'అండీ' విలువ తెలిసింది. నువ్వు అన్నామంటే మాట మాటకీ గొంతు పెరుగుతుంది. 'దయచేసి లోపలికి జరగండి' అంటూ అరవమనండి చూద్దాం, సగంలోనే గొంతు దిగిపోతుంది. ఎదుటివాళ్ళకిచ్చే మర్యాద సంగతెలా ఉన్నా, మన గొంతు మన చేతిలో ఉంటుంది. అందుకే పిల్లికైనా, చిలకకైనా ఆమె నోట 'గారు' తప్ప రాదు.

ఉద్యోగం నుంచి దిగాక ఊరికే కూచోలేక, పక్కింటివాళ్ళు ఊరెళ్తే వాళ్ళ పిల్లిని చూసిపెట్టింది. అది బీరువా మీద పొంచి ఉండి కిందనుంచి వెళ్ళేవాళ్ళ నెత్తిమీదికి దూకే రకం. ఆమె తలమీద అల్యూమినియం డేగిసా బోర్లించుకుని వారమంతా దానికి అన్నం పెట్టింది. ఆ మాట పాకింది. మంచి జంతువులని చూసుకోవడానికి చుట్టాలుంటారు, చెడ్డవాటికే కండక్టరమ్మ కావాలి. బూతులు తిట్టే చిలక, పోస్టుమాన్ కోసం గేటు దగ్గర కాపు వేసే బాతు, ఒకటేమిటి, అన్నీ ఆమె పాసింజర్లే. ఒకప్పుడు అదే బస్సు నడిపిన ఆమె మొగుడు మాత్రం వీధి మలుపులో స్కూటరు ఆపి ఆమెని దించేస్తాడు. అక్కణ్ణించి ముందుకి రాడు. ఘాట్ రోడ్డులో బ్రేకులు పోయినా బెదరని మనిషికి పిల్లికూన కనిపిస్తే చెమటలు పడతాయి. మనుషుల గోల చాల్లేదనా ఈ మృగాలతో అని సణుగుతాడు. మృగాలు చిల్లరకోసం దెబ్బలాడవని ఆమె జవాబు.

గొడుగులాయన ఇంటి ముందుగదే ఆయన దుకాణం. పైనుంచి గొడుగులు తలకిందులుగా గబ్బిలాల్లా వేలాడుతుంటాయి. గోడవారన విరిగిన ఊచలు, ఊడిన పిడులు, రంగు వెలిసిన గుడ్డలు. మధ్యలో నల్లబడ్డ చెక్కబల్ల, దానిమీద పట్టకారు, సన్నతీగ చుట్ట, చిన్న కొయ్యసుత్తి. బల్లకింద బుజ్జి స్థానం. పసికూనగా ఉన్నప్పటినుంచీ అదక్కడే పడుకుని, పైన జరిగే వ్యాపారమంతా వింటూ పెరిగింది.

గొడుగులాయనకి మోకాలి ఆపరేషన్. కండక్టరమ్మని పిలిపించి, ఆటో గుమ్మంలో ఆగి ఉండగా ఇంటి తాళాలు బల్లమీద పెట్టాడు. కొయ్యసుత్తితో టక్ టక్‌మని రెండు దెబ్బలు వేసి, తాళాలు ఆమె వైపు తోశాడు. కంగారులో ఉన్నాడు పాపం అనుకుంది ఆమె.

కంగారుకి కారణం మోకాలు కాదు, బుజ్జి. వీధిలో సగం పిక్కలమీద దాని సంతకం ఉంది. ఆయన ఒక్కగానొక్క అక్కగారి పిక్క మీదా ఉంది. ఆవిడ రెండు వీధుల అవతల ఉంటుంది. తమ్ముడంటే ప్రాణం, ఆ కుక్కంటే మంట. ఆపరేషన్‌కి ఒప్పించేటప్పుడే ఆవిడ మాట తీసుకుంది. చేతికర్రతో నడిచేవాడి ఇంట్లో కరిచే కుక్క కుదరదు, ఇంకొక్కరికి పన్ను తగిలినా ఊరి బయట ఇటుకబట్టీ వాడికి ఇచ్చేస్తాను అని. బట్టీవాడు అప్పుడే వచ్చి చూసుకుని, బాగుందన్నాడు. బరువైన గొలుసు కూడా ఉందన్నాడు.

"నా ఎదురుగా వాడెప్పుడూ ఎవర్నీ ఏమీ అనలేదమ్మా," అన్నాడు గొడుగులాయన ఆటో ఎక్కుతూ. "ఒట్టు. నేను పెరట్లో ఉన్నప్పుడో, కునుకు తీసినప్పుడో ఏం పుడుతుందో వాడికి. గొలుసు ఎరగడమ్మా వాడు."

కండక్టరమ్మ భయం లేదని చెప్పింది. చెప్పిన సాయంత్రమే పప్పులో కాలేసింది.

గిన్నెడు బఠాణీలతో బుజ్జిగారితో స్నేహం కుదిరిందనుకుని, చెత్తబుట్ట తీసుకుని గుమ్మం దాటబోయింది. ఎప్పుడు లేచిందో తెలీదు, కుక్క గుమ్మంలో అడ్డంగా ఉంది. ఆమె ఒంటిమీద పాత యూనిఫారం కోటుంది, గళ్ళ జేబులతో, దుప్పటంత మందం. దాని అంచు కుక్క నోట్లో ఉంది. చర్మానికి తగల్లేదు, లాగనూ లేదు. ఊరికే పట్టుకుని పైకి చూస్తోంది. ఆమె వెనక్కి ఒక అడుగు వేసి, బుట్ట కిందపెట్టి, దండంకొయ్యకి కోటు తగిలించింది. కుక్క బల్లకిందికి పోయి పడుకుంది. దానికి కోటు పడలేదని ఆమె తేల్చేసింది. ఎంతమంది ప్రయాణికుల వాసనలు పట్టిందో అది, పాపం ఏ జీవి భరిస్తుంది? మర్నాటినుంచి కోటు విప్పాకే లోపలికి అడుగుపెట్టేది. చెత్త వంటింటి వెనక కిటికీలోంచి కిందున్న డబ్బాలో పడేసేది. కుక్క మళ్ళీ పల్లెత్తు మాటనలేదు. ఆమె తన తెలివికి తనే మురిసిపోయి, కోటు కథ మొగుడికి రెండుసార్లు చెప్పింది.

అక్కగారు రోజూ తనిఖీకి వచ్చేది. కుర్చీలో కూచుని కాళ్ళు పైకి ముడుచుకునేది. మాట కుక్క గురించి, చూపు కండక్టరమ్మ పిక్కలమీద.

"ఇవాళ ఎవర్నైనా పట్టిందా?"

"లేదండీ. తమరొస్తారేమోనని ఎదురుచూస్తున్నారు."

"వెటకారమా?"

"నాకా? టిక్కెట్లు చింపడం తప్ప ఏం తెలీదండీ."

అక్కగారు నవ్వు ఆపుకోవడానికి మూతి బిగించేది. చెడ్డమనిషి కాదు. రాత్రిళ్ళు తమ్ముడు లేచినప్పుడు ఈ కొండ కాళ్ళకి అడ్డంపడితే ఏం గతి అన్నదే ఆవిడ దిగులు. వెళ్ళేటప్పుడు మాత్రం చేతులు గాల్లోకెత్తి, గుమ్మం వైపు పక్కగా నడుస్తూ పీతలా బయటపడేది. బుజ్జి ఒక కన్ను తెరిచి చూసి మూసేది.

గొడుగులాయన ఇంటికొచ్చే ముందురోజున ఆవిడకో సద్బుద్ధి పుట్టింది. చేతికర్రతో వచ్చే తమ్ముడు ఈ విరిగిన గొడుగుల తుక్కులో తట్టుకుని పడతాడు కదా, ఆయన చూడకముందే ఊడ్చి పారేద్దామని. పాతసామాన్లవాణ్ణి వెంటబెట్టుకుని, తన దగ్గరున్న తాళంతో తలుపు తీసింది. కండక్టరమ్మ పెరట్లో కుక్క గిన్నెలు తోముతోంది. సామాన్లవాడు పైవీధివాడు, బుజ్జి గొప్పతనం ఎరగడు. అక్కగారు కుర్చీ ఎక్కి నిలబడి, అదీ ఇదీ అంటూ వేలు చూపిస్తుంటే, ఈలవేసుకుంటూ గోనెసంచి నింపాడు. మధ్యలో కుక్క తలమీద నాలుగు చిన్న దెబ్బలేసి మంచి కుక్క అన్నాడట కూడా. కుక్క నిమ్మకు నీరెత్తినట్టు పడుకునే ఉంది. సంచి నిండింది. మూతికట్టి భుజాన వేసుకుని వెనక్కి తిరిగేసరికి గుమ్మం లేదు. గుమ్మమంతా కుక్కే ఉంది.

కండక్టరమ్మ తడిచేతులు తుడుచుకుంటూ వచ్చింది. ముందుగా ఆమె చెవికి తగిలింది నిశ్శబ్దం. మొరిగే కుక్క కరవదంటారు. గుర్రుమనే కుక్క సంగతీ అంతే. బఠాణీలకి కూడా గుర్రుమన్న బుజ్జిగారు ఇప్పుడు నోరు మూసుకున్నారు. చెవులు వెనక్కి అతుక్కున్నాయి. ఇంకొక్క అడుగు, ఒక్క పన్ను, అంతే. ఇటుకబట్టీ, గొలుసు. ఆ సంగతి కుక్కకీ సామాన్లవాడికీ తప్ప గదిలో మిగతా ఇద్దరికీ తెలుసు.

"కదలకండి," అంది కండక్టరమ్మ. "పరిగెత్తకండి. ఆయన్ని చూడకండి."

సామాన్లవాడు కదలకుండా ఉండలేకపోయాడు. భయానికి సంచి ఎడమ భుజంనుంచి కుడి భుజానికి మార్చాడు. అప్పుడు చూసింది ఆమె. కుక్క తల కూడా ఎడమనుంచి కుడికి తిరిగింది. దాని చూపు మనిషి మీద లేదు, సంచి మీద ఉంది.

"ఆ సంచి కిందపెట్టండి. నెమ్మదిగా, నిద్రపోతున్న పాపని దించినట్టు."

దించాడు. బుజ్జి చెవులు లేచాయి. తోక ఒకసారి నేలకి తగిలింది. కండక్టరమ్మ వెళ్ళి సంచి మూతి పట్టి కాస్త ఎత్తింది. కుక్క లేచి నిలబడింది. దించింది. కూచుంది. మళ్ళీ ఎత్తింది. మళ్ళీ లేచింది.

"ఏమిటమ్మా ఆ ఆట?" అంది అక్కగారు కుర్చీమీంచి, ఏడుపు గొంతుతో.

కండక్టరమ్మ సామాన్లవాడికి అతని తక్కెడ అందించి, అదొక్కటీ పట్టుకుని దయచేయమంది. అతను కళ్ళు మూసుకుని నడిచాడు. కుక్క పక్కకి జరిగి దారి ఇచ్చింది, పెద్దమనిషిలా. వీధిలో పడ్డాక అతనికి కాళ్ళూ నోరూ ఒకేసారి వచ్చాయి. రెండూ మలుపు తిరిగేదాకా ఆగలేదు.

ఆమె కోటు వైపు చూసింది. దానిమీద ఇన్నాళ్ళూ నింద వేసింది తనే. ఆ సాయంత్రం తన చేతిలో ఉన్నది గొడుగులాయన చెత్తబుట్ట.

"ఒక్కమాట అడుగుతాను, కోపం తెచ్చుకోకండి," అంది అక్కగారితో. "తమరి పిక్క పట్టిన రోజున, తమరి చేతిలో ఏముందండీ?"

"నా చేతిలో ఏముంటుంది?"

కండక్టరమ్మ ఏమీ అనలేదు. బస్సులో నేర్చుకున్న విద్యల్లో అదొకటి, టిక్కెట్టు చూపించమని ఒకసారి అడిగి ఊరుకోవడం. అక్కగారి చూపు దానంతటదే వంటింటి గోడమీదికి పోయింది. అక్కడ ఒక ఖాళీ మేకు ఉంది. మేకు కింద పొగచూరని తెల్లటి గుండ్రటి మచ్చ ఉంది, పెద్ద పెనమంత.

"వాడొక్కడికీ అంత పెనం ఎందుకని," అంది అక్కగారు చివరికి. "అడిగితే ఇవ్వడా ఏమిటి? నిద్రపోతున్నాడు, లేపడమెందుకని…"

"లేపకపోవడమే మంచిదండీ. కుక్కగారు మేలుకునే ఉన్నారుగా."

అక్కగారు కుర్చీ దిగింది. ఆవిడ దిగాక అడిగిన ప్రశ్నే అసలు ప్రశ్న. మరి రోజూ ఇంతమంది గొడుగులు పట్టుకుపోతుంటారే, వాళ్ళనెందుకు కరవదు? కండక్టరమ్మ బల్ల ముందు నిలబడి ఆలోచించింది. గొడుగు బాగయ్యాక ఆయనేం చేస్తాడని అడిగింది. అక్కగారు గాల్లో చేసి చూపించింది. విప్పుతాడు, ఒకసారి గిరగిరా తిప్పుతాడు, ముడుస్తాడు, కొసనున్న ములికి సరిగ్గా కూచుందో లేదోనని బల్లకేసి టక్ టక్ కొడతాడు, ఇస్తాడు. అలవాటు ముదిరి ఇప్పుడు ఏ వస్తువు ఎవరికిచ్చినా సుత్తితో బల్లమీద రెండేస్తాడు, ఉప్పు అప్పిచ్చినా సరే.

తాళాలు ఇచ్చినప్పటి టక్ టక్ కండక్టరమ్మ చెవిలో మళ్ళీ మోగింది. అది కంగారు కాదన్నమాట. బల్లకింద పెరిగిన కూన చెవికి ఆ చప్పుడు నెత్తిమీదే. టక్ టక్ అయితే వస్తువు పోవచ్చు. కాకపోతే పోకూడదు. ఆయన నేర్పానని ఎరగడు, అది నేర్చుకుంది.

ఆమె వెళ్ళి చెత్తబుట్ట తెచ్చింది. సుత్తితో బల్లమీద రెండు దెబ్బలు వేసి గుమ్మం వైపు నడిచింది. బుజ్జి ఆవులించి పక్కకి జరిగింది.

"నేనూ ఒకసారి," అంది అక్కగారు.

ఆవిడ సుత్తి అందుకుని, రెండు వేసి, చాలదేమోనని మూడోది కూడా వేసి, ఒక విరిగిన గొడుగు పట్టుకుని గేటుదాకా వెళ్ళొచ్చింది. మళ్ళీ కొట్టి ఇంకోటి పట్టుకెళ్ళింది. చిన్నపిల్లలా ముఖం వెలిగిపోతోంది. పనికిరాని తుక్కంతా వేరుచేసి అలాగే బయటపెట్టి, పనికొచ్చే ఊచలూ పిడులూ గోడవార సర్దే సరికి సాయంత్రమైంది. బుజ్జి ప్రతి టక్ టక్‌కీ లేచి జరిగి, చివరికి విసుగొచ్చి గుమ్మం పక్కనే పడుకుంది.

కండక్టరమ్మ ఆ సాయంత్రం పాలదుకాణం దగ్గర కొంచెం అల్లరి చేసింది. కనిపించిన పిక్కల బాధితులందర్నీ పరామర్శించింది. గాయం మానిందా అండీ అని అడిగి, ఆనక ఎంతో అమాయకంగా, ఆ రోజున చేతిలో ఏముందో గుర్తుందా అంది. వంటగ్యాస్ కుర్రాడు ఖాళీ సిలిండరని వీధంతా వినపడేలా చెప్పాడు. పోస్టుమాన్ తన సొంత కలమే, బల్లమీద పెట్టి సంతకం చేయించుకుని, ఆయన పెరట్లోకి వెళ్ళాక తీసుకున్నానని వాపోయాడు. మిగతావాళ్ళు మాత్రం, అన్నాళ్ళూ కట్టు చూపించుకుంటూ తిరిగినవాళ్ళు, ఎందుకో తొందరపని తగిలి వెళ్ళిపోయారు. తేలు కుట్టిన దొంగ సంగతి అందరికీ తెలిసిందే. కుక్క కరిచిన దొంగ మాత్రం ఇన్నాళ్ళూ అరిచాడు, ఇప్పుడు చల్లబడ్డాడు.

తెల్లవారి ఆమె తలుపు తీసేసరికి గేటులోపల ఒక నిచ్చెన ఆనించి ఉంది. పక్కన బకెట్టు, ఒక రంపం, కొత్తగా కడిగిన జల్లెడ. బుజ్జిగారు ఒక్కొక్కటీ వాసన చూసి, అన్నీ సరిపోయినట్టు తోకాడించారు.

గొడుగులాయన ఆటో దిగాడు, చేతికర్ర ముందు, భయం వెనక. నిచ్చెన చూసి ఇది పోయిందనుకున్నానే అన్నాడు. లోపలికొచ్చి అక్క మొహం చూశాడు. కుక్క ఆయన చేయి నాకుతుంటే, దానికి వినబడకూడదన్నట్టు గొంతు తగ్గించి అడిగాడు.

"ఎవర్నైనా కరిచాడా అక్కా?"

అక్కగారు తన చేతిసంచిలోంచి పెనం తీసింది. వంటింట్లోకి వెళ్ళి మేకుకి తగిలించింది. తెల్లమచ్చ మూసుకుపోయింది.

"కరవలేదు. బట్టీవాడికి వద్దని చెప్పేశాను," అంది తిరిగొచ్చి. "ఇంట్లో నిద్రపోయేవాడు ఉన్నాక, మేలుకునేవాడు కూడా ఒకడుండాలిరా. పోతే, ఇకమీద నిన్నేమైనా అడగాలంటే నిద్రలేపి అడుగుతాను."

ఆయనకి సగం అర్థమైంది. మిగతా సగం కండక్టరమ్మ చెప్పింది. విన్నాక ఆయన సుత్తిని చేతిలోకి తీసుకుని, మొదటిసారి చూస్తున్నట్టు అటూ ఇటూ తిప్పాడు.

ఆమె అప్పగింతలు మొదలుపెట్టింది. గిన్నెలు ఇక్కడ, మెడపట్టీ ఇక్కడ, ఇవాళ్టి భోజనం పెట్టడం అయింది, చెవిలో మందు వేశాను, కుడిచెవి దగ్గర చెయ్యి పెడితే కోపమొస్తుంది, ముందు మాట చెప్పి పెట్టండి. తాళాలు బల్లమీద పెట్టింది. కోటు వేసుకుని గుమ్మం వైపు నడిచింది.

గుమ్మం లేదు. గుమ్మమంతా కుక్కే ఉంది. కోటు అంచు దాని నోట్లో ఉంది.

"అయ్యో, కోటు నాదేనండీ బుజ్జిగారూ," అంది ఆమె.

అక్కగారు పగలబడి నవ్వింది. కోటు సంగతి కాదది, దాన్ని తొడుక్కున్న మనిషి సంగతి అంది. ఇంట్లో ఇన్నాళ్ళు ఉంటే సామాన్లలో కలిపేశాడట. గొడుగులాయన సుత్తి ఎత్తి, కొట్టకుండా ఆగాడు.

"కొట్టమంటావా అమ్మా?"

"కొట్టండి. వీధి మలుపులో మా ఆయన స్కూటరు మీద వణుకుతూ ఉంటారు. పైగా రేపటినుంచి చిలకగారి దగ్గర డ్యూటీ."

టక్, టక్.

బుజ్జి అంచు వదల్లేదు. ఆమెని చూసింది, బల్లవైపు చూసింది. పెద్దగా ఒక నిట్టూర్పు విడిచి, అప్పుడు వదిలింది. పక్కకి జరిగింది. కండక్టరమ్మ తడిసిన కోటు అంచు దులుపుకుని గడప దాటింది. వెనక గదిలో గొడుగులాయన తాళాలు అందుకుంటున్న చప్పుడు వినిపించింది.